మా కంప్యూటరు నేర్పిన పాఠము

పరుల తప్పును వెదకుటలో మనము చూపు చురుకుదనమును మన తప్పును వెదకుటలో చూపము. పెద్దలు ఈ మాట చెప్పగా నేను పలుమారు వింటిని. కాని గత వేసవి సెలవులలో మా యింటి కంప్యూటరునందలి యాట యొకటి చెడువరకు దాని యర్థము నాకు బోధపడలేదు. ఆ వృత్తాంతమును తోడి విద్యార్థుల యుపయోగమునకై యిచ్చట వ్రాయుచున్నాను.

నా తమ్ముడు ఏడవ తరగతి చదువుచున్నాడు. దిమ్మెలను ఒకదానిపై నొకటి పేర్చి ఊళ్లు కట్టెడి యాట యనిన వానికి ప్రాణము. సంక్రాంతి మొదలుకొని దినమున కొక గంట చొప్పున వాడు ఆ యాటలో మన పాఠశాలనే కట్టుచుండెను. గంటస్తంభము, వసతిగృహము, చింతచెట్టుక్రింది యరుగు, అన్నియు అందులో నుండెను.

మే నెల మొదటి వారమున ఆ యాట తరచుగా చెడ మొదలిడెను. పది నిమిషములు గడవకమునుపే తెర స్తంభించును; పిమ్మట ఆట తనంతట మూతపడి, అర్థము కాని దోషపత్రమొకటి కనబడును. దీనినే ‘క్రాషు’ అందురు. తమ్ముడు కొంతకాలము క్రిందట స్నేహితునియొద్దనుండి ‘మోడ్’లనబడు చేర్పులను తెచ్చి ఆటలో పెట్టియుండెను. ఇది నాకు తెలియును. ఇక విచారణ యెందులకు?

“నీవే చెడగొట్టితివి” అంటిని.

“లేదన్నా. అవి పెట్టిన తరువాత పదిదినములు బాగుగనే నడచినది” అని వాడు బదులు చెప్పెను.

ఆ మాటలోనే సత్యమంతయు నుండెను. నేను చెవిని పెట్టలేదు. ఆదివారమున వాడు సండేస్కూలునకు పోయినప్పుడు ఆ చేర్పులను, వాటితోకూడ వాడు కట్టిన పాఠశాలను సయితము తుడిచివేసి, ఆటను క్రొత్తగా ఎక్కించితిని. సాయంకాలము ఆట తెరచితిని. ఎనిమిది నిమిషములకు మరల మూతపడెను. తమ్ముడు వచ్చి చూచెను. ఏమియు ననక లోపలికి పోయి గోడవైపు తిరిగి పరుండెను. అమ్మ యెంత బ్రతిమాలినను ఆ రాత్రి అన్నము ముట్టలేదు.

మరునాడు నేను మా సైన్సు మాస్టరుగారి యింటికి పోయి సంగతి విన్నవించితిని. వారు రెండు ప్రశ్నలు మాత్రమే వేసిరి. “చెడుటకు ముందు ఏమి మారినది? ప్రతిమారును ఒకే దోషము కనబడుచున్నదా, వేరువేరు దోషములా?” నేను రెంటికిని ఉత్తరము చెప్పలేకపోతిని. “రోగి నాడి చూడకయే కత్తి పట్టితివి” అని వారు నవ్విరి.

పిమ్మట వారు రెండు కథలు చెప్పిరి. 1947వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమువారి మార్క్-2 అను గణనయంత్రమున లోపము కలుగగా, పనివారు వెదకి వెదకి ఒక రిలేలో చిక్కిన రెక్కలపురుగును కనుగొనిరి. దానిని దినచర్యపుస్తకములో అంటించి, వేళను సయితము వ్రాసి యుంచిరి. లోపమును ‘బగ్గు’, అనగా పురుగు, అనుట అంతకుముందే యింజనీర్లలో వాడుక. ఆ దినమున నిజముగనే పురుగు దొరకెను. రెండవది 1980లో వచ్చిన పాక్‌మాన్ అను ఆట. అందులో ఘట్టముల లెక్కకు కేటాయించిన చోట 255కు మించిన సంఖ్య పట్టదు. అందుచేత 256వ ఘట్టమున తెరలో కుడిసగము గజిబిజి యగును. ఎవరాడినను, ఎన్నిమారులాడినను అచ్చటనే చెడును.

“చూచితివా? వ్రాతలోని తప్పు సాధారణముగా ఒకేచోట నిలిచియుండును. తిరుగుచుండు తప్పు యంత్రములోనిదేమో చూడవలెను. మార్చుటకు ముందు నకలు తీయుము. ఒక్కమారు ఒక్కటే మార్చుము. చూచినది వ్రాసికొనుము” అని మాస్టరుగారు నన్ను పంపిరి.

ఒక నోటుపుస్తకము తీసికొని పని మొదలిడితిని. ఆట ఫైళ్లను సరిచూచితిని, అవి చెక్కుచెదరలేదు. తెరకు సంబంధించిన డ్రైవరును క్రొత్తది వేసితిని, ఫలము లేదు. పెట్టె విప్పి ఫానుకు పట్టిన దుమ్ము తుడిచి వేడిమి కొలచితిని. వేడిమి మితములోనే యుండెను. ఆట మాత్రము మూతపడుచునే యుండెను. మూడవనాటికి పుస్తకములో ఏడు దోషములు చేరినవి. ఏ రెండును ఒక్కతీరుగా లేవు.

అప్పుడు మెమరీపై అనుమానము కలిగినది. 8 జీబీ మెమరీపలకలో 6,800 కోట్లకు పైగా బిట్లుండును. వానిలో కొన్ని చెడి, ఉంచిన విలువను నిలుపలేకపోయినచో, చిన్నపనులు ఆ చోటిని తాకకయే గడచిపోవచ్చును; పెద్దయాట విస్తారమైన చోటు నాక్రమించును గనుక త్వరలో అచ్చట కాలు జారును. విండోసునందుండు మెమరీపరీక్షను నడుపగా దోషము బయటపడినది. రెండు పలకలలో ఒకదానిని తీసి పరీక్షించితిని, దోషము లేదు. దానిని మరల పెట్టితిని, దోషము కనబడినది.

ఆ పలక నేను పెట్టినదే. నా యాటలు వేగముగా నడవవలెనని ఏప్రిలు నెల చివరిదినమున, ఒకరు వాడి విడిచినదానిని కొని, ఎవరికిని చెప్పక అమర్చితిని. “ముందు ఏమి మారినది?” అను ప్రశ్నకు ఉత్తరము నా చేతిలోనే యుండినది; నేను తమ్మునిచేతిలో వెదకితిని.

ఆ రాత్రి వానియొద్ద కూర్చుండి, “తప్పు నాదిరా” అని జరిగినదంతయు చెప్పితిని. వాడు చాలసేపు మాటాడలేదు. “మరి నా బడి రాదుగదా అన్నా?” అనెను. రాదంటిని. నేను చెరిపినదానికి నకలెక్కడను లేదు. చెడిన పలకను తీసివేసి ఆట బాగుచేయుట క్షణములోని పని. ఇది బాగుచేయుట నావలన కాలేదు.

నాలుగు దినములు గడచిన పిమ్మట వాడే నన్ను పిలిచి, “గంటస్తంభము నీవు కట్టుము” అనెను. ఇప్పుడు ఇద్దరమును కట్టుచున్నాము. నా గోడలు వంకరగా నున్నవని వాడు రెండుమారులు పడగొట్టించెను. నేను మారుపలుకలేదు. ప్రతి శనివారము సాయంకాలము ఒక నకలు తీసి పెన్‌డ్రైవులో దాచుట మాత్రము నా పని.

సోదర విద్యార్థులారా, మీ యింట ఏ వస్తువైనను చెడినప్పుడు, ప్రక్కవానిని నిందింపకమునుపు, మొన్న మీరేమి మార్చితిరో యొకసారి జ్ఞప్తికి తెచ్చుకొనుడు.