పటం గీస్తున్న తమ్ముడికి

మినియాపోలిస్, సోమవారం రాత్రి

తమ్ముడూ,

అమ్మ పంపిన కందిపొడి, ఆవకాయ కారులోనే ఉన్నాయి కాబట్టి దారిలో తిండికి లోటు లేదు. నువ్వు పంపిన పటం ఫొటో చూశాను. స్నేహితుల్ని మేడ మీద కూర్చోబెట్టి ఆడించడానికి సొంతంగా ఒక లోకాన్నే కట్టుకుంటున్నావంటే ఎంత సంతోషంగా ఉందో! ‘ఉత్తరాన మంచుకొండలు, మధ్యలో ఎడారి, దక్షిణాన అడవి, మూలకో కోట పెట్టాను, అయినా ఏదో వెలితిగా ఉందక్కా’ అన్నావు. ఆ వెలితి సంగతే ఈ ప్రయాణం పొడుగునా నీకు రాస్తాను.

నేను వెళ్తున్న దారి అలాంటిది మరి. 1972 చివర్లో డేవ్ ఆర్నెసన్, డేవిడ్ మెగారీ అనే ఇద్దరు కుర్రాళ్లు తమ ఆటల సరంజామా పట్టుకుని మినియాపోలిస్, సెయింట్ పాల్ జంటనగరాల నుంచి విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవా అనే చిన్న ఊరికి వెళ్లారు. అక్కడ ఆటలు రాసే గ్యారీ గైగాక్స్‌ని కూర్చోబెట్టి ఆర్నెసన్ తన ఊహాలోకం ‘బ్లాక్‌మూర్’ ఆడించాడు. 1974 జనవరిలో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కి మూలం ఆ ఆటే.

సాయంత్రం స్టోన్ ఆర్చ్ వంతెన మీద నిలబడి సెయింట్ ఆంథొనీ జలపాతం చూశాను. 1883లో రైళ్ల కోసం కట్టిన రాతి వంతెన అది, ఇప్పుడు నడిచేవాళ్లకి వదిలేశారు. ఎగువ మిసిసిపీ మొత్తం మీద పెద్ద సహజ జలపాతం ఇదొక్కటే. దిగువ నుంచి వచ్చే పడవలు ఈ జలపాతాన్ని దాటలేవు కాబట్టి, అవి ఆగే చోట సెయింట్ పాల్ రేవు పట్నంగా పెరిగింది. నీళ్లు దూకే బలంతో పిండిమరలు తిరిగాయి కాబట్టి జలపాతం పక్కన మినియాపోలిస్ లేచింది. 1880 నుంచి 1930 దాకా లోకంలో అందరికంటే ఎక్కువ గోధుమపిండి ఆడించిన ఊరు ఇదే. ఒకే నది పక్కపక్కనే రెండు ఊళ్లను రెండు వేర్వేరు కారణాలతో పుట్టించింది. నీ పటంలో కోటలున్నాయి గానీ, ఏ కోట అక్కడే ఎందుకుందో తెలియడం లేదురా. నీకు తోచిన వెలితి అదే.

బ్లాక్‌మూర్ మొదలైంది 1971లో, సెయింట్ పాల్‌లో ఆర్నెసన్ తల్లిదండ్రుల ఇంటి బేస్‌మెంట్‌లో. పింగ్‌పాంగ్ బల్ల మీద ఒక ప్లాస్టిక్ బొమ్మ కోట, దాని కింద సొరంగాలు, చుట్టూ చిన్న ఊరు, అంతే. మిగతా దేశమంతా ఆటతో పాటు పెరిగింది. ఒకసారి శత్రువులు కోటను పట్టుకున్నారు. దాన్ని కాపాడలేకపోయిన పాత్రల్ని ఆర్నెసన్ దూరాన లాక్ గ్లూమెన్ అనే సరస్సు సీమకి వెళ్లగొట్టాడు, ఆ తర్వాతి కథ అక్కడ నడిచింది. 1975లో అచ్చయిన ‘బ్లాక్‌మూర్’ పుస్తకంలో చిత్తడి నేలల నడుమ ఒక కప్ప దేవాలయం కూడా ఉంటుంది. కాబట్టి పటమంతా ముందే నింపేయాలని కంగారు పడకు. నీ ఆటగాళ్లు నడిచిన మేరకే నేల పెరగనీ.

ఈ ఊళ్లోనే మరో సొంత లోకం ఆటగా మారింది, పేరు టేకుమెల్. దాన్ని కట్టిన ఎం.ఏ.ఆర్. బార్కర్ మినెసోటా విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా భాషలు చెప్పిన ఆచార్యుడు. ఆయన లోకంలో నగరాల్ని కలిపే సాక్‌బే రహదారులు కోటగోడలంత ఎత్తున మూడు అంతస్తులుగా ఉంటాయి, ఎవరి హోదాకి తగ్గ అంతస్తులో వాళ్లు నడవాలి. ఆ సమాజం ఎలాంటిదో చెప్పడానికి ఆ ఒక్క దారి చాలు. అయితే ఈయన మారుపేరుతో నాజీ భావాల నవల రాశాడని 2022లో బయటపడింది, ఆయన లోకాన్ని చూసుకునే ఫౌండేషనే ఒప్పుకుంది. ఆ సంగతి దాచి ఆయన్ని నీకు మెచ్చుకుని చెప్పడం నాకు ఇష్టం లేదు. దారి సంగతి నేర్చుకో, మనిషి సంగతీ తెలుసుకో.


లా క్రాస్, బుధవారం

తమ్ముడూ,

రెండు రోజులుగా మిసిసిపీ ఒడ్డునే వస్తున్నాను. నిన్న పెపిన్ సరస్సు దగ్గర ఆగిపోయాను, కదలబుద్ధి కాలేదు. అది నిజానికి నదే. చిప్పెవా అనే ఉపనది తెచ్చిన ఇసుకంతా తను కలిసే చోట మేట వేసింది. ఆ మేట అడ్డుపడి మిసిసిపీ వెనక్కి తన్నుకుని 35 కిలోమీటర్ల పొడుగున సరస్సై నిలిచింది. దీన్ని చూస్తుంటే మన కొల్లేరు గుర్తొచ్చింది. కృష్ణ ఒకవైపు, గోదావరి ఒకవైపు మేటలు వేసుకుంటూ పోతే మధ్యలో మిగిలిన పల్లమే కదా కొల్లేరు. నీ పటంలో ఉన్న నీలం చుక్క ఎక్కడి నీళ్లతో నిండింది, ఎటు పోతుంది? ఆ రెండూ చెప్పగలిగితే ఆ సరస్సు చుట్టూ చేపలు పట్టేవాళ్లు, వరద వస్తే పొలాలు మునిగేవాళ్లు, గట్టు తెంచాలని ఒకరు, తెంచొద్దని ఒకరు వాళ్లంతట వాళ్లే పుట్టుకొస్తారు. ఆట నడిపేవాడికి అంతకంటే మంచి తగువు ఏం కావాలి?

ఇవాళ చూసిన నేల ఇంకా చిత్రంగా ఉంది. దీన్ని డ్రిఫ్ట్‌లెస్ ప్రాంతం అంటారు. మంచుయుగంలో హిమానీనదాలు ఈ చుట్టుపక్కల నేలంతా ఒరుసుకుంటూ, చదును చేసుకుంటూ పోయాయి. చివరి మంచుయుగంలో కూడా ఈ ముక్కని వదిలేసి పక్కల నుంచి సాగిపోయాయి. అందుకే అటు చదునైన మొక్కజొన్న పొలాలు, ఇటు అడుగు పెట్టగానే నిట్రంగా లేచిన గట్లు, ఇరుకు లోయలు. అడుగున సున్నపురాయి జాతి రాళ్లు. నీళ్లకి ఆ రాయి కరిగి గుహలు, నేల కుంగిన గుంతలు, చల్లటి ఊటలు ఏర్పడ్డాయి. మినెసోటా వైపున్న మిస్టరీ కేవ్ పొడవు 20 కిలోమీటర్లు దాటింది.

మనకీ నంద్యాల జిల్లాలో బెలుం గుహలున్నాయి, 3 కిలోమీటర్లకు పైగా. అవీ సున్నపురాయిని నీళ్లు తొలిచినవే. నీ ఆటలో నేలకింది డంజన్ ఎక్కడ పెట్టాలని అడిగావు కదా, సున్నపురాయి ఉన్న చోట పెట్టు. ఆ రాయి ఉన్న సీమలో పైన వాగులు ఉన్నట్టుండి మాయమవుతాయి, ఎక్కడో బయటికి ఊరుతాయి. ఆటగాళ్లలో చురుకైనవాడు వాగు ఇంకిపోయిన చోటు చూసి గుహ దారి కనిపెట్టేస్తాడు. పాచికలు వేయకుండా బుర్రతో గెలిచిన ఆ ఆనందం వాడు ఏళ్ల తరబడి చెప్పుకుంటాడు.


లేక్ జెనీవా, శుక్రవారం

తమ్ముడూ,

వచ్చేశాను. ఊరు చిన్నదే, వేసవిలో చికాగో జనం సెలవులకి వస్తారు. హార్టికల్చరల్ హాల్ బయట కాసేపు నిలబడ్డాను. 1968లో జెన్ కాన్ అనే ఆటల సమావేశం మొదటిసారి జరిగింది ఇక్కడే. తర్వాత సెంటర్ స్ట్రీట్‌లో గైగాక్స్ కుటుంబం ఉన్న ఇల్లు రోడ్డు మీద నుంచే చూశాను. ఆయన ఊహించిన గ్రేహాక్ కోట కింది సొరంగాల్లోకి మొట్టమొదట దిగింది ఆయన పిల్లల్లో ఇద్దరే. మధ్యతరగతి వీధిలో మామూలు ఇల్లు. లోకాలు కట్టడానికి డబ్బు, హోదా అక్కర్లేదని ఆ ఇల్లు చూసిన ఎవరికైనా తెలుస్తుంది.

పొద్దున సరస్సు చుట్టూ ఉన్న కాలిదారిలో నడిచాను. మొత్తం 34 కిలోమీటర్లంటారు, నేను ఒక భాగమే నడిచాను. ఈ దారి పెద్ద పెద్ద బంగళాల పెరళ్లలోంచి, నీటి అంచునే పోతుంది. ఎవరి స్థలంలో ఉన్న ముక్కని వాళ్లు బాగు చేయించుకుంటారు. ఒక ఇంటి ముందు ఇటుక పరుపు, గట్టు దాటగానే గులకరాళ్లు, తర్వాత ఉత్త గడ్డి, ఆ పైన చెక్క పలకలు. పొలిమేర రాయి ఎక్కడా కనపడదు, కానీ చెప్పుల కింద చప్పుడు మారగానే యజమాని మారాడని తెలిసిపోతుంది. నీ పటంలో రాజ్యాల మధ్య ఎర్ర గీతలు గీశావు. ఆటగాళ్లకి ఆ గీత కనపడదు కదా. దారి మీద రాయి, బావి దగ్గర గిలక, సంతలో కొలపాత్ర మారితే సరిహద్దు దాటామని వాళ్లకి తెలుస్తుంది.

ఈ దారి అసలు పొటవాటమి తెగవాళ్లు నడిచిన బాట. బిగ్ ఫుట్ అనే నాయకుడి మనుషులు ఈ ఒడ్డున ఉండేవారు. 1833 చికాగో ఒడంబడిక తర్వాత, 1836లో వాళ్లని ఇక్కడి నుంచి పంపేశారు. బంగళాలన్నీ ఆ తర్వాత వచ్చినవే.

రాత్రి గదిలో గ్రేహాక్ పటం మంచం మీద పరిచి ఈ సంగతే ఆలోచిస్తూ కూర్చున్నాను. 1980లో వచ్చిన ఆ పటం డార్లీన్ అనే చిత్రకారిణి గీసింది. రెండు పెద్ద కాగితాలు, వాటి నిండా షట్కోణపు గడులు, ఒక్కో గడి 30 మైళ్లు. నైరుతి మూల ధూళి సముద్రం ఉంటుంది. అది ఒకప్పుడు సూయెల్ సామ్రాజ్యం. బాక్లునిష్ వాళ్లతో యుద్ధంలో ఈ సూయెల్ వాళ్లు వాళ్ల నేలని నాశనం చేశారు, వాళ్లు వీళ్ల మీద రంగులేని అగ్నివాన కురిపించారు. బతికినవాళ్లు కొండలు దాటి తూర్పుకి పారిపోయి వచ్చారు. వాళ్లు వచ్చేసరికి అక్కడ ఫ్లాన్ అనే జనం ముందే ఉన్నారు. ఆ పటంలో ఎడారి వట్టి ఇసుక కాదు, ఎవరో చేసిన తప్పు. అందుకే తూర్పున ఏ ఊళ్లో దిగినా కథ దొరుకుతుంది. నీ ఎడారికి ముందు అక్కడ ఎవరుండేవారో రాసి పంపు.


మిల్వాకీ, ఆదివారం

తమ్ముడూ,

ఇదే ఆఖరి ఉత్తరం, రేపు చికాగోలో విమానం ఎక్కుతాను. మిచిగన్ సరస్సు ఒడ్డున కూర్చుని రాస్తున్నాను. ఆవలి ఒడ్డు కనపడటం లేదు.

నీకు చెప్పాల్సిన అసలు మాట ఈ ఊరి గురించే. గైగాక్స్ మొదట్లో తన ఆటకి ఉత్తర అమెరికా పటాన్నే వాడుకున్నాడు. చికాగో ఉన్న చోట గ్రేహాక్ నగరం, మిల్వాకీ ఉన్న చోట డైవర్స్ నగరం. అచ్చు వేయాల్సి వచ్చాక కొత్త పటం గీశాడు గానీ, పెద్ద మంచినీటి సరస్సు, దానికి దగ్గర్లో వర్తక నగరాలు అలాగే ఉండిపోయాయి. 1974 నాటి మొదటి నియమాల్లోనూ అంతే. అడవుల్లో ప్రయాణానికి వేరే కంపెనీ అమ్మే ‘అవుట్‌డోర్ సర్వైవల్’ అట్ట తెచ్చుకోమన్నారు. దాని మీద నీటిగుంటలు కనిపిస్తే కోటలనుకోండి, ఇళ్లు కనిపిస్తే పట్నాలనుకోండి అని రాశారు. చేతికందిన నేల మీదే ఊహ కట్టారు, అందుకే అది నిలబడింది.

నువ్వు గీసిన మంచుకొండలు నువ్వెప్పుడూ చూడలేదు. ఆ ఎడారీ చూడలేదు. చూడనివి పెట్టొద్దని అనను, కానీ పుట్టినప్పటి నుంచి చూస్తున్నదాన్ని ఎందుకు వదిలేశావు? మన ఇంటి మేడ ఎక్కితే గోదావరి కనిపిస్తుంది. పాపికొండల ఇరుకులో బిగబట్టుకుని వచ్చిన నది రాజమండ్రి దగ్గర ఎంత వెడల్పవుతుందో నీకు తెలుసు. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తి చేసిన ధవళేశ్వరం కింద గౌతమి, వశిష్ఠగా చీలి మధ్యలో కోనసీమని ఎలా పెట్టుకుందో తెలుసు. వానమబ్బులు పడమటి కనుమలకి అవతలే కురిసి అనంతపురానికి ఎండ మిగల్చడం బస్సు కిటికీలోంచే చూశావు. నీ ఆటగాళ్లూ ఆ ఊళ్ల పిల్లలే కాబట్టి లంక, రేవు, బోదె, కోత పడిన గట్టు అంటే వాళ్లకి ఒక్క ముక్క విడమర్చి చెప్పాల్సిన పని ఉండదు. రాక్షసుల్ని, మంత్రగాళ్లని ఆ నేల మీద పెట్టు. నిజమైన నేల మీద నిలబెట్టిన అబద్ధాన్ని ఎవరైనా నమ్ముతారు.

కాబట్టి పాత కాగితం చింపొద్దు, పక్కన ఉంచు. కొత్త కాగితం తీసుకుని ముందు నదిని గియ్యి. అది ఎక్కడ పుట్టిందో, ఎక్కడ ఇరుకైందో, ఎక్కడ చీలిందో తేల్చు. తర్వాత వాన ఎటు నుంచి వస్తుందో రాసుకో, ఆ తర్వాత మనుషులు ఎటు నుంచి వచ్చారో రాసుకో. కోటలు అన్నిటికంటే చివర పెట్టు. పటం పూర్తయ్యాక మొదటి ఆట నాతో ఆడించు, నాకు ఒక పడవవాడి పాత్ర ఇయ్యి.

అమ్మకి, నాన్నగారికి నమస్కారాలు.

ప్రేమతో,
అక్క