చక్రాల ఇళ్లకు ఒకే కప్పు

డల్లాస్ నుంచి ఐ-20 రహదారి మీద తూర్పుగా వెళ్తుంటే ఊళ్లు క్రమంగా పలచబడతాయి. టైలర్ దగ్గరికి వచ్చేసరికి నేల ఎర్రబడుతుంది, రోడ్డుకు రెండు వైపులా పైన్ చెట్లు మొదలవుతాయి. ఆ చెట్ల మధ్య అక్కడక్కడా పొడవాటి రేకు పెట్టెల్లాంటి ఇళ్లు కనిపిస్తాయి. ఫ్యాక్టరీలో తయారై, సొంత చక్రాల మీద, లారీ వెనకాల వచ్చిన మొబైల్ హోమ్‌లు అవి. అమెరికాలో దాదాపు 2 కోట్ల మంది ఇలాంటి ఇళ్లలోనే కాపురం ఉంటున్నారు. అక్కడి బంగళాల ఫొటోలే చూసే మనకు వీటి సంగతి పెద్దగా తెలియదు.

మా అబ్బాయి ఉండేది డల్లాస్ పక్కనే ఉన్న ఇర్వింగ్‌లో. తన ఆఫీసు స్నేహితుడి తల్లిదండ్రులు ఈ టైలర్ వైపు రెండు పాత మొబైల్ హోమ్‌లను కలిపి ఒకే ఇల్లు చేసుకుంటున్నారని వాడు చెప్పగానే, చూసి తీరాలనిపించింది. పంచాయతీరాజ్ శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎక్కడ ఇల్లు లేస్తున్నా కాళ్లు అటే లాగుతాయి.

ఆ పెద్దాయన ఒకప్పటి ట్రక్కు డ్రైవరు. కూతురు పిల్లలతో సహా తమ దగ్గరికి వచ్చేస్తోందని, సొంత స్థలంలో ఉన్న ఇంటి పక్కనే ఇంకో పాత ఇల్లు కొని తెచ్చి నిలబెట్టారు. ఒక్కొక్కటి 14 అడుగుల వెడల్పు, 60 అడుగుల పైచిలుకు పొడవు. మధ్యలో 12 అడుగుల ఖాళీ వదిలారు. అందులో హాలు కడుతున్నారు.

"రెండింటినీ ఆనించి, మధ్య గోడలు తీసేస్తే సరిపోయేది కదా?" అని అడిగాను.

ఆయన నన్ను లోపలికి తీసుకెళ్లి గోడ పైపలక ఊడదీసి చూపించారు. లోపల సన్నటి చెక్క నిలువులు. కప్పు బరువంతా ఆ బయటి గోడల మీదే ఉంది. వాటిని పొడవునా తీసేస్తే కప్పు కుంగుతుంది. అందుకే తలుపు పట్టేంత మేర మాత్రమే కోసి, పైన దూలం పెట్టి, అటూ ఇటూ స్తంభాలు నిలబెట్టారు. పని అక్కడితో అయిపోలేదు. ఇంటి కింద ఉండే ఇనుప చట్రం ఆ స్తంభాల బరువు మోయడానికి చేసింది కాదు. ఒక్కో స్తంభానికి సరిగ్గా కింద కొత్తగా పునాది వేసి, కాంక్రీటు దిమ్మెలు పేర్చారు.

ఇక మూడు భాగాల మీదా ఒకే వాలు కప్పు. దాని బరువు పాత గోడల మీద పడకుండా, విడిగా కాంక్రీటులో నాటిన స్తంభాల మీదికి దిగుతుంది. పాత కప్పుల మధ్య నీళ్లు నిలిచే సందు లేకుండా పోయింది. ఈ ఇంట్లో నాకు బాగా నచ్చిన ఆలోచన ఇదే.

రెండిళ్ల నేలలూ సమంగా ఉన్నాయో లేదో చూడటానికి ఆయన వాడింది నీళ్లు నింపిన పారదర్శక గొట్టం. మన మేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబే! ఒక మూల దిగిపోయిందని తేలింది. జాకీతో కొద్దికొద్దిగా లేపుతూ పోతుంటే, అప్పటిదాకా పట్టేసి ఉన్న పడకగది తలుపు గడియ దానంతటదే రంధ్రంలో కూర్చుంది. ఆయన వెంటనే జాకీ ఆపి, కింద చెక్క ముక్కలు బిగించారు.

స్నానాలగదిలో ఆయన భార్య పాత నేల చూపించారు. రంపపు పొట్టు అంటించి చేసిన పలక అది. నీరు తగిలి ఉబ్బిపోయింది, వేలితో నొక్కితే పొడిపొడిగా రాలింది. దాన్ని పూర్తిగా తీసేసి ప్లైవుడ్ వేస్తున్నారు. "రంగులదేముందండీ, ఎప్పుడైనా వేసుకోవచ్చు. ముందు నేల గట్టిగా ఉండాలి" అన్నారావిడ.

బయట గోడకు కొత్త రేకులు కొడుతూ ఒకచోట మాత్రం చిన్న కిటికీలా వదిలేశారు. అక్కడ అరచేతిలో పట్టేంత ఎర్రటి లోహపు పలక ఉంది. 1976 జూన్ 15 నుంచి ఇలాంటి ఇళ్లను హడ్ అనే కేంద్ర గృహనిర్మాణ శాఖ ప్రమాణాల ప్రకారమే తయారు చేయాలి. ఆ పలక అందుకు గుర్తు. ఇంటి కాగితాలతో పాటు దాన్నీ కాపాడుకోవాలి. ఇలా మార్చిన ఇళ్లకు అప్పు, బీమా దొరకడం కష్టమవుతుందని తెలిసి, ఆ దంపతులు చేతిలో డబ్బు ఉన్నంతవరకే పని సాగిస్తున్నారు. కరెంటు పని మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కే అప్పగించారు. సుడిగాలులు వచ్చే ప్రాంతం కనుక రెండిళ్లనూ ఉక్కు పట్టీలతో నేలలోని లంగర్లకు బిగించారు.

మన ఊళ్లలోనూ పాత ఇంటికి గదులు కలుపుతారు, దుకాణం కోసం ముందు గోడ తీసేస్తారు. చాలామంది బరువు ఎటు దిగుతుందో చూడకుండానే సమ్మెట ఎత్తుతారు. నా సర్వీసులో అలా బీటలు వారిన ఇళ్లు ఎన్నో చూశాను. పాత ఇంటిని పెంచుకోవడం మంచి పని. ఖర్చు కలిసొస్తుంది, ఉన్న సామాను వృథా కాదు. కానీ గోడ మీద చెయ్యి వేసే ముందు, దాని మీద ఏముందో, కింద ఏముందో తెలిసినవాళ్ల చేత చూపించుకోండి.