ఇంటిపేరు చిక్కు

కోనసీమ గ్రంథాలయములలో పుస్తకములకు పట్టిక వ్రాయబూనిన వానికి మొదటి చిక్కు గ్రంథకర్త పేరుతోనే వచ్చును. రాజోలు ప్రాంతపు మామిడికుదురున 1911లో జన్మించిన బోయి భీమన్నగారి 'పాలేరు' నాటకమును ఏ యక్షరము క్రింద జేర్చవలెను? రంగనాథన్ గారు 1934లో వెలువరించిన నియమములను బట్టి పేరులోని తుదిమాట ముందు రావలెను. అనగా 'భీమన్న, బోయి'. 1978 నాటి ఆంగ్లో అమెరికన్ నియమములు ఇంటిపేరునకే పెద్దపీట వేయును. మేము వీనివైపే మ్రొగ్గుదుము. పాశ్చాత్యుల వంశనామము తుద నుండును గనుక దానిని ముందునకు లాగుదురు. తెలుగువాని యింటిపేరు తొలుతనే కూర్చుండియుండగా దానిని వెనుకకు నెట్టుట యెందులకు?

స్త్రీల విషయమున నీ న్యాయము చాలదు. కొమర్రాజువారి ఆడపడుచు అచ్చమాంబ (1874–1905) మెట్టినింట భండారు అచ్చమాంబ యయ్యెను. ఆమె 'అబలా సచ్చరిత్ర రత్నమాల' భండారు క్రిందనే యుండనిండు, చిక్కు లేదు. కాని పెండ్లికి పూర్వ మొక యింటిపేరుతోను, పిమ్మట వేఱొక దానితోను అచ్చువేయించిన రచయిత్రి పట్టికలో రెండుగా చీలును. పాఠకురాలు సగము పుస్తకములు చూచి, తక్కినవి లేవనుకొని యింటికి బోవును. 'ఫలానా పేరు చూడుము' అను చీటీ యొకటి వ్రాసిన నింత నష్టముండదు, వ్రాయువారే యరుదు. రెంటిలో నేది ప్రధానమందురా? తండ్రిదో భర్తదో యని తర్కింపక, ఆమె పుస్తకములలో నెక్కువవానిపై నచ్చయినదే యందుము.