ప్రవర్తన: తృప్తికరం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. అద్దెకిచ్చి చూడు అని మూడోది ఎందుకు చేర్చలేదో నాకు చాలాకాలం అర్థం కాలేదు. బహుశా ఆ పెద్దలెవరికీ మేడమీద వాటా ఉండి ఉండదు.

విజయవాడ సత్యనారాయణపురంలో మాకొక చిన్న మేడ ఉంది. కింద మేముంటాం, పై వాటా అద్దెకిస్తాం. ముప్పయ్యేళ్ళకు పైగా బడిపంతులుగా పనిచేసి, దాచుకున్న సొమ్ముతో వేసిన అంతస్తు అది. గేటుకు టులెట్ బోర్డు తగిలించిన ప్రతిసారీ నాకొకటే బెంగ. వచ్చేవారెవరో, ఇదివరకు ఉన్నచోట ఎలా ఉన్నారో తెలిసేదెలా?

మనదగ్గర అద్దెకుండేవారి చరిత్ర ఎక్కడా నమోదు కాదు. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది కనుక, ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకోవడానికి అందరమూ 11 నెలలకే స్టాంపు కాగితం రాసుకుంటాం. గడువు తీరాక అది బీరువా అడుగుకు చేరుతుంది. పోలీసు స్టేషనులో వివరాలిస్తే కేసుల సంగతి తెలియవచ్చు గానీ, ఒకటో తేదీన అద్దె కట్టేవాడా కాదా అన్నది తెలియదు. ఇక మిగిలిన దారి ఒక్కటే. పాత ఇంటి యజమానికి ఫోను చేసి, "మనుషులెలాంటివారండీ?" అని అడగడం.

2018లో ఒక కుటుంబం వచ్చింది. పాత యజమానిని అడిగితే, "బంగారంలాంటి మనుషులండీ, కళ్ళు మూసుకుని ఇచ్చెయ్యండి" అన్నాడాయన. ఆయన మాట మన్నించి నిజంగానే కళ్ళు మూసుకున్నాను. మూడో నెలనుంచి అద్దె ఆగింది. అడ్వాన్సు హరించుకుపోయింది. మీటరు నా పేరిట ఉండటంతో, వాళ్ళు వెళ్ళాక పేరుకున్న కరెంటు బిల్లు కూడా నేనే కట్టుకున్నాను. తర్వాత తెలిసిందేమిటంటే, ఆయనకూ అయిదు నెలల బాకీ పెట్టారట. వదిలించుకోవడానికి పొగిడాడు! ఆయన్ని తిట్టుకున్నాను గానీ, లోపల మెచ్చుకున్నాను కూడా.

ఆ దెబ్బతో నాకు కొంత తెలివి వచ్చింది. ఇప్పుడున్న ఇంటి యజమానికి ఏదో ఒక గరజు ఉంటుంది. చెడ్డవాళ్ళను పంపించెయ్యాలనో, మంచివాళ్ళను పోనివ్వకూడదనో, అడ్వాన్సు తిరిగి ఇవ్వకూడదనో. అంతకు ముందు ఇంటి యజమానికి అవేవీ ఉండవు. కనుక అడగవలసింది ఆయన్ని. ఇద్దరి నంబర్లూ తీసుకోవాలి, అద్దె రసీదులు, కరెంటు బిల్లు కట్టిన రసీదులు చూడాలి. ఇలా నాకు నేనే ఒక నియమావళి రాసుకున్నాను. విద్యార్థులకు నియమాలు రాసినవాడికి ఇదొక లెక్కా?

2021లో ఒకావిడ వచ్చారు. నర్సు ఉద్యోగం, బడికి వెళ్ళే ఇద్దరు పిల్లలు. భర్త లేరు. రెండు నంబర్లూ అడగకుండానే కాగితం మీద రాసి ఇచ్చారు. మొదటి నంబరుకు చేశాను. "ఆవిడా? గొడవ మనిషండీ. మీ ఇష్టం" అని పెట్టేశాడాయన. రెండో నంబరుకు నేను చెయ్యలేదు.

ఎందుకు చెయ్యలేదో అప్పట్లో నన్ను నేను అడగలేదు. ఇప్పుడు చెబుతాను. ఒంటరి ఆడమనిషి, రాత్రి డ్యూటీలు, వేళగాని వేళ గేటు చప్పుడు, ఇరుగుపొరుగు ఏమంటారో... ఇవన్నీ అప్పటికే నా మనసులో మెదులుతున్నాయి. పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడే అనుమానానికి ఆ ఒక్కమాట మర్యాదైన సాకుగా దొరికింది. "మా బంధువులు వస్తున్నారమ్మా, వాళ్ళకివ్వాలి" అని చెప్పి పంపించేశాను.

నాలుగు నెలల తర్వాత డైరీలోంచి ఆ కాగితం జారిపడింది. ఏం తోచిందో ఏమో, రెండో నంబరుకు చేశాను. అటువైపు ఒక పెద్దావిడ. "ఆరేళ్ళున్నారు బాబూ మా ఇంట్లో. ఒకటో తారీకు దాటనిచ్చేది కాదు. మా అబ్బాయి కాపురానికని మేమే ఖాళీ చెయ్యమన్నాం. ఇప్పటికీ పండక్కి వస్తుంది. పాపం, ఆ రెండో ఇంట్లో శ్లాబు కారుతోందని రెండు వానాకాలాలు మొత్తుకుంది. వాళ్ళు పట్టించుకోకపోతే తనే చేయించుకుని అద్దెలో తగ్గించుకుంది. అదే గొడవ" అన్నారు.

ఆవిడకు ఫోను చేశాను. ఇల్లు దొరికిందట, హాస్పిటలుకు కాస్త దూరమట. "మీ బంధువులు వచ్చారా మాస్టారూ?" అని అడిగారు. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగారు. లేదమ్మా అనలేకపోయాను.

మా తమ్ముడి కూతురు డల్లాసులో ఉంటుంది. అక్కడ అద్దెకు దరఖాస్తు పెడితే అప్పుల చరిత్ర, పాత అద్దెల చరిత్ర, ఖాళీ చేయించిన కేసులేమైనా ఉంటే అవీ తెప్పించుకుని చూస్తారట. మనుషుల్ని ఇలా జల్లెడ పట్టడమేమిటి అని ఒకప్పుడు నవ్వాను. కానీ అక్కడ 1970లో చేసిన చట్టం ఒకటుంది. అలాంటి నివేదిక చూసి ఇల్లు కాదంటే, ఆ సంగతి చెప్పాలి. నివేదిక ఇచ్చిన సంస్థ పేరూ చెప్పాలి. దరఖాస్తుదారు ఆ నివేదికను ఉచితంగా తెప్పించుకుని, తప్పుంటే సవాలు చెయ్యవచ్చు. అంతమాత్రాన అక్కడ అన్యాయం జరగదని కాదు. కానీ మా ఇంటి గేటు దగ్గర ఆవిడకు జరిగింది వేరు. తనమీద నేరం మోపారనే ఆవిడకు తెలియదు. ఇక జవాబు చెప్పుకునేది ఎక్కడ?

ఆ ఏడు మా ఇంట్లో చేరినవారు నిరుడు ఖాళీ చేశారు. మంచివాళ్ళే, కానీ నీళ్ళ మోటారు దగ్గర నాకూ ఆయనకూ రెండు నెలలు మాటల్లేవు. ఒక సాయంత్రం ఫోను మోగింది. "మాస్టారూ, మీ ఇంట్లో ఉంటున్నవాళ్ళు మా ఇల్లు అడుగుతున్నారు. మనుషులెలాంటివారండీ?"

నోటిదాకా వచ్చిన మాట ఏమిటో మీరు ఊహించగలరు. ఆగమని చెప్పి, పద్దు పుస్తకం తెచ్చుకుని చదివాను. ఇన్ని నెలలున్నారు, రెండుసార్లు పది రోజులు ఆలస్యమైంది, ఎగ్గొట్టింది లేదు, కరెంటు బాకీ లేదు. మోటారు విషయంలో మాటామాటా వచ్చింది, అందులో సగం తప్పు నాది. అంతే చెప్పాను. అదే ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి, వెళ్ళేటప్పుడు ఆయన చేతికిచ్చాను. తనను గురించి నేనేమన్నానో ఆయనకు తెలియాలి కదా.

ఉద్యోగంలో ఉన్నప్పుడు వేల సర్టిఫికెట్లలో "ప్రవర్తన: తృప్తికరం" అని తల ఎత్తకుండా రాసి పారేశాను. పద్దు చూసుకుని రాసింది మాత్రం ఇదే మొదటిది.