నేయని సాలె

సాలె అంటే నేతగాడు. సాలీడన్నా అంతే. సంస్కృతంలో ఊర్ణనాభి, అంటే బొడ్డున నూలున్నది. వెంకటగిరి చీరల సీమవాళ్లం గనక, నేత రాని సాలెపురుగు ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు.

అటువంటిది మా పెరటి నందివర్ధనంలో కాపురం పెట్టింది. పూరేకు తెలుపే దాని ఒంటి తెలుపు. ముందు నాలుగు కాళ్లూ పొడుగు. నడకా, వాలకమూ అచ్చం మైపాడు ఇసుకలో పక్కవాటుగా పరుగెత్తే ఎండ్రకాయవే. వల పన్నదు. పూవులో మాటువేసి, తేనెటీగ వాలగానే వాటేసుకుని మెడ దగ్గర కొరుకుతుంది. తనకంటే పెద్ద ప్రాణి రసమంతా పీల్చి, డొల్లను చెక్కుచెదరకుండా జారవిడుస్తుంది. దాని విషం మనుషుల్నేమీ చేయదు లెండి. ఈ వంశంలో కొన్ని పచ్చపూవు చేరితే, కొద్దిరోజుల్లో తామూ పచ్చబడతాయి.

ఇదంతా దాక్కోవడానికేననుకుంటాం. కాని ఆస్ట్రేలియాలోని ఒక జాతిమీద 2003లో వెలువడిన పరిశోధన మరోమాట చెప్పింది. మన కంటికానని అతినీలలోహిత కాంతి తేనెటీగలకు కనిపిస్తుంది. ఆ కాంతిలో ఇది తెల్లరేకుమీద కొట్టవచ్చినట్టు మెరుస్తుంది. అది కూర్చున్న పూవుకే తేనెటీగలు ఎక్కువ ఆశపడ్డాయట. మనకు మరుగు, వాటికి ఎర!

పూలు కోస్తుంటే వేలికి తగిలిందని మా ఆవిడ గోల. "ఏమండీ, మందు కొట్టించండి. దేవుడికి పెట్టే పూలు!"

"కాళహస్తిలో సాలెపురుగుకు మోక్షమే ఇచ్చాడు గదా దేవుడు?"

"అది స్వామికి గూడల్లింది. ఇదేమల్లింది?"

జవాబు తోచలేదు. మా అమ్మాయిదీ అదే పక్షం. "తేనెటీగల్ని చంపేదాన్ని మనమే పెంచాలా నాన్నా?" మందు కొడితే ముందు పోయేవి తేనెటీగలేనన్నాను. దాంతో మందు వాయిదాపడింది.

ఆ తరువాత ఒకనాడు, మడతపడ్డ ఆకొకటి కనిపించింది. అంచుల్ని పట్టుదారంతో కలిపి, లోపల గుడ్లసంచి నేసి, దానిమీద బోర్లా పడుకున్నది. నేత వచ్చునన్నమాట! తిండికి వాడలేదు, అంతే. మా ఆవిడ వంగి చాలాసేపు చూసి, "పురిటిగది" అన్నది. మందు మాట మళ్లీ ఎత్తలేదు.

ఇటువంటి తల్లులు గుడ్లను కాస్తూ తిండి దాదాపు మానేస్తాయి. చాలావరకు అక్కడే ప్రాణం విడుస్తాయి. ఇవాళ్టికి పదకొండో రోజు. పొట్ట ముడుచుకుపోయింది. ఆకు కదిలిస్తే మాత్రం ముందుకాళ్లు ఇంకా లేస్తున్నాయి.