రాఘవ గారి పుస్తకం ఏ అరలో?

పోయిన దసరా సెలవులకు ముందు మా తెలుగు సారు బడి పుస్తకాల బీరువా మా ముగ్గురికి అప్పజెప్పినారు. రెండు వందల పైచిలుకు పుస్తకాలు. "కథలు, నాటకాలు, చరిత్ర, సైన్సు అని అరలుగా సర్దండిరా" అన్నారు. గంటలో అయిపోతుందిలే అనుకున్నాం.

బళ్లారి రాఘవ గారి జీవిత చరిత్ర చేతికి వచ్చేదాకా బాగానే సాగింది. నేను దాన్ని చరిత్ర అరలో పెట్టినాను. "ఆయన నటుడు కదా, నాటకాల్లో పెట్టాల" అన్నాడు ఒకడు. "మన ఊరి పెద్దలకు వేరే అర చేద్దాం" అన్నాడు ఇంకొకడు. ఎవరి మాటా తప్పు కాదు. రాఘవ గారు 1880లో తాడిపత్రిలో పుట్టినారు. బళ్లారిలో వకీలుగా ఉంటూ తెలుగు, కన్నడ, ఇంగ్లీషు భాషల్లో నాటకాలాడినారు. 1939లో వచ్చిన 'రైతుబిడ్డ' సినిమాలో కూడా నటించినారు. ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఈ బళ్లారిలోనే ఉండి తెలుగు నాటకాలు రాసినారు. పుస్తకం చూస్తే ఒక్కటే, కావలసిన అరలు నాలుగు.

సారు నవ్వి, "పుస్తకం ఒక్కచోటే ఉంటుంది. దాని నంబరు ఎన్నిచోట్లయినా రాసుకోవచ్చు కదరా" అని ఒక పొడుగు నోటుబుక్కు ఇచ్చినారు. అందులో మాటకు ఒక పేజీ: నాటకం, బళ్లారి, సినిమా, జీవిత చరిత్ర. రాఘవ గారి పుస్తకం నంబరు 87. అరలో నాటకాల పక్కన పెట్టి, నంబరు మాత్రం నాలుగు పేజీల్లోనూ ఎక్కించినాం. పెద్ద గ్రంథాలయాల్లో ఇదే పని కార్డులతో చేసేవారట. ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1933లో అచ్చు వేయించిన కోలన్ పద్ధతిలో అయితే, పుస్తకం విషయాన్ని ముక్కలుగా విడదీసి, మధ్యలో కోలన్ గుర్తు పెట్టి నంబరు కడతారని సారు చెప్పినారు. అది మాకు సగమే అర్థమయింది.

పేజీలు పెంచే కొద్దీ మాకు ఉత్సాహం ఎక్కువయింది. తప్పు అక్కడే జరిగింది. నేను 'నాటకం' అని రాస్తే ఒకడు 'డ్రామా' అని, ఇంకొకడు 'రంగస్థలం' అని వేరే పేజీలు తెరిచినారు. ఆరో తరగతి పాప ఒకతె వార్షికోత్సవానికి నాటకం కావాలని వస్తే నా పేజీ చూసి రెండే పుస్తకాలు ఇచ్చినాను. అవి ఆ పాపకు పనికి రాలేదు. పిల్లల నాటకాలన్నీ 'డ్రామా' పేజీలో ఉండిపోయినాయి. పాపం, ఉత్త చేతుల్తో పోయింది. మరుసటి రోజే మూడు పేజీలనూ ఒకటి చేసి, "డ్రామా అంటే 'నాటకం' చూడు" అని రాసినాం.

ఆ వారంలోనే ఒక ఫారం నింపవలసి వచ్చింది. మాతృభాషకు ఒకటే గడి. నాయన 'తెలుగు' అని రాసినాడు, నిజమే. కానీ అంగడికి పోతే నా నోట ముందు కన్నడమే వస్తుంది. మా అవ్వ పుట్టిల్లు ఆదోని, అత్తిల్లు బళ్లారి. ఒకప్పుడు రెండూ ఒకే జిల్లా. 1953 అక్టోబరు 1న ఆదోని ఆంధ్రకు, బళ్లారి మైసూరుకు పోయినాయి. ఆ గడి పక్కన ఇంకో నాలుగు మాటలు రాసే చోటుంటే బాగుండును అనిపించింది.

87వ నంబరు ఇప్పుడు అరలో లేదు. ఆ ఆరో తరగతి పాపే తీసుకుపోయింది. 'బళ్లారి' పేజీలో చూసిందంట. రెండు వారాలయింది, ఇంకా తిరిగి తేలేదు.