చదువుకున్నోళ్ల ఏలిముద్ర



పోయిన నెల మన గ్రూపుల ఒక లింకు వచ్చింది, యాదికున్నదా? దీన్ని నొక్కితే మన తరఫున సర్కారుకు మెయిల్ పోతదని. మా హాస్టల్ రూములో నలుగురం నొక్కినం. అందులో ఏం రాసుందో ఒక్కరం చదవలేదు. రాత్రి పండుకున్నంక మా యాడి గుర్తొచ్చింది. ఎవరో కాగితం తెస్తే చదివించుకోకుండా ఏలిముద్ర వేసిందని ఆమె మీద ఎన్నోసార్లు కోపం చేసిన. డిగ్రీ చదివే నేను చేసిందేంది? అదే ఏలిముద్ర.

అందుకే సెమినార్ కోసం చదివిన ఒక ముచ్చట మీకు చెప్పాలనిపించింది.

2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి మన దేశంల ఇంటర్నెట్.ఆర్గ్ మొదలుపెట్టింది. మొదట తెచ్చిన ఆరు రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది. తర్వాత దానికి ఫ్రీ బేసిక్స్ అని పేరు మార్చిన్రు. కొన్ని సైట్లు ఉచితం, మిగతా ఇంటర్నెట్‌కు పైసలు కట్టాలె. ఏ సైటు అందులో చేరాలన్నా ఫేస్‌బుక్ పెట్టిన నిబంధనలకు ఒప్పుకోవాలె. తండాకు ఫ్రీ బస్సు వేసి, అది ఓనరు ఒప్పుకున్న దుకాణాల కాడనే ఆగుతదంటే ఎట్లుంటది? అట్ల. కాలేజీకి పోవాలంటే టికెట్ కొనాలె.

ఇట్ల సైటుకో ధర పెట్టొచ్చా అని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2015 డిసెంబర్ 9న చర్చా పత్రం పెట్టి, నాలుగు ప్రశ్నలు అడిగింది. ఇగ ఫేస్‌బుక్ దిగింది. పేపర్ల నిండా ప్రకటనలు, రోడ్ల మీద హోర్డింగులు. డిసెంబర్ 28న జుకర్‌బర్గ్ టైమ్స్ ఆఫ్ ఇండియాల వ్యాసం రాసి, మహారాష్ట్ర రైతు ఒకాయన కథ చెప్పిండు. ఫేస్‌బుక్ తెరిచినోళ్లకు ముందే రాసిపెట్టిన మెయిల్ కనపడేది. నొక్కితే చాలు, ట్రాయ్‌కు పోతది. లక్షల మంది నొక్కిన్రు.

మన దిక్కు దీన్ని పైరవీ అంటరు. పెద్ద కంపెనీలు చేస్తే లాబీయింగ్ అంటరు. అమెరికాల లాబీయింగ్ చేసెటోళ్లు పేరు నమోదు చేసుకోవాలె, ఎంత ఖర్చు పెట్టిన్రో చెప్పాలె. దానికి 1995ల చేసిన చట్టం ఉంది. మన దగ్గర అట్లాంటి చట్టమే లేదు. ఈ కథల ఇంకో సంగతి ఏందంటే, పైరవీ కంపెనీది, పేరు పేదోళ్లది, వేలు జనానిది.

2016 జనవరిలో ట్రాయ్ ఫేస్‌బుక్‌కు ఘాటుగనే లేఖ రాసింది. ఆ మెయిళ్లు అడిగిన ప్రశ్నలకు జవాబులు కావన్నది. అవతల పక్క ఇంటర్నెట్ అందరికీ ఒకే తీరుగ ఉండాలని కొట్లాడినోళ్లు కూడా 2015 ఏప్రిల్‌ల రెడీమేడ్ మెయిలే వాడిన్రు, పది లక్షలకు పైగా పంపిన్రు. కాని అందులో అప్పటి ట్రాయ్ ప్రశ్నలకు వరుసగా జవాబులుండె. చివరికి 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తేల్చింది: సైటును బట్టి డేటా ధర మార్చొద్దు, మారిస్తే రోజుకు 50 వేల జరిమానా. మూడు రోజులల్ల ఫేస్‌బుక్ ఇక్కడ ఫ్రీ బేసిక్స్ మూసేసింది.

నిజం చెప్తున్న, నాకొక అనుమానం మిగిలింది. ఆ రోజులల్ల మా ఇంట్ల బటన్ ఫోనే. ఏమీ లేనికాడ కొంచెమన్నా వస్తే ఏం పాయె? కాని ఆ కొంచెం ఏందో ఎవరు తేల్చాలె? కంపెనీ మన పేరు చెప్పింది. ఎదురు నిలబడ్డోళ్లు కూడా ఎక్కువ పట్నం చదువుకున్నోళ్లే. రెండు పక్కలా మన గురించి మాట్లాడిన్రు, మన తండాల, పెంటల గొంతు మాత్రం నాకు యాడ కనపడలే.

ట్రాయ్ ఇప్పటికీ ఇట్లాంటి పత్రాలు పెడుతనే ఉంటది, ఎవరైనా జవాబు రాయొచ్చు. అందుకే ఒక్క మాట. గ్రూపుల లింకు పెట్టేటోళ్లు దాని అసలు కాగితం కూడా పెట్టాలె. ఒకరం చదివి నాలుగు ముక్కలు తెలుగుల చెప్పాలె, గోర్ బోలిల వాయిస్ పెట్టినా సరే. నచ్చితే నొక్కుదాం, లేకుంటే సొంతంగ రాద్దాం.

పోయిన నెల లింకు వెనకున్న కాగితం ఈ ఆదివారం కూసొని చదువుత. నేను నొక్కింది తప్పని తేలితే ఇక్కడనే చెప్త.